మూడో బొత్తాం

గేర్‌బాక్స్ మూత బిగించేశాను. ముప్పై ఆరు నట్లూ బిగించి, ఒక్కోదానికీ తీగ ముడి వేసి, నుదుటి చెమట తుడుచుకుందామని చెయ్యెత్తాను. చెయ్యి కిందికి దించేటప్పుడు గుండె దగ్గర తగలాల్సింది తగల్లేదు.

పనిలో ఒంటికి తొడుక్కునే ఓవరాల్‌కి మూడో బొత్తాం లేదు. అది ఉండాల్సిన చోట అంగుళం దారం వేలాడుతోంది.

బొత్తామే కదా, ఊడితే కుట్టుకోవచ్చు కదా అంటారు మీరు. ఒడ్డున ఉన్నవాళ్లు అలాగే అంటారు.

యుద్ధనౌకలో ఇంజను నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అదే వేగంతో ప్రొపెల్లర్ తిరిగితే నీళ్లని చిలుకుతుంది తప్ప ఓడని తొయ్యదు. అందుకని మధ్యలో గేర్‌బాక్స్ కూర్చుని, ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చి అవతలికి అందిస్తుంది. మా ఓడలో ఆ పెద్ద చక్రం, నామాట నమ్మండి, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే ముగ్గురి ఎత్తు. అంత చక్రం పళ్లు పక్క చక్రం పళ్లతో కలిసేచోట సందు వెంట్రుకవాసి. ఆ పళ్ల మీదికి నూనె చిమ్మే రంధ్రాల్లో చీపురుపుల్ల కూడా దూరదు. వాటిలో ఒక్కటి మూసుకుపోతే చాలు, నూనె అందని చోట ఇనుము ఇనుముని తింటుంది. నడిసముద్రంలో మూడువందల మందితో ఓడ బల్లకట్టులా తేలుతూ కూర్చుంటుంది.

అందుకే గేర్‌బాక్స్ మూత తియ్యడానికి ఒక మడి ఉంది. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ దగ్గర కూడా అంత మడి పాటించలేదు. ఆ గదికి ఒకటే తలుపు. తలుపు దగ్గర స్టూలు మీద ఒక మనిషి పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు. లోపలికి వెళ్లేవాడు జేబులు ఖాళీ చెయ్యాలి. ఉంగరం, వాచీ, మొలతాడుకి కట్టుకున్న తాయెత్తు, అన్నీ తీసి ఇవ్వాలి. స్పానర్లు మణికట్టుకి తాళ్లతో కట్టుకోవాలి. ఓవరాల్ బొత్తాల మీద గుడ్డ టేపు అంటించుకోవాలి. వెళ్లేటప్పుడు ఎన్ని వెళ్లాయో వచ్చేటప్పుడు అన్నీ రావాలి.

నేనూ అంటించుకున్నాను. పొద్దున్న ఏడింటికి. తొమ్మిదింటికల్లా చెమటకి టేపు ఊడి వేలాడింది. కొత్తది వేసుకోవాలంటే పని ఆపి, బయటికొచ్చి, ఒళ్లు తడిమించుకుని, పుస్తకంలో పేరు రాయించుకుని, మళ్లీ ఇదంతా చేసుకుని లోపలికి వెళ్లాలి. పావుగంట పని.

ఆ పావుగంట నా దగ్గర లేదు. భోజనం విజిల్ మోగేలోపు మూత వెయ్యకపోతే మీసం తీయించేసుకుంటానని మెస్సులో పదిమంది ముందు అనేశాను. ఊడిన టేపుని పీకి, ఉండచుట్టి చెవి వెనక పెట్టుకుని, పని కానిచ్చాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పేరు కొల్లి పరదేశి. నేవీలో ఆర్టిఫిసర్ని, అంటే ఇంజన్లు విప్పి బిగించేవాణ్ని. నేను చెప్పుకోకూడదు గానీ, తూర్పు తీరంలో నా అంతటివాడు లేడు. నేను స్పానర్ చూపిస్తే నట్టు దానంతటదే వదులయ్యేది. పక్క ఓడలో పంపు దగ్గితే, మా ఓడలో పడుకుని ఏ వాల్వుకి జలుబు చేసిందో చెప్పేవాణ్ని. ఒకసారి అండమాన్ దారిలో తుఫాను. ఓడ నిలువునా లేచి పడుతోంది. ఎడంచేత్తో టీ గ్లాసు పట్టుకుని, చుక్క ఒలక్కుండా, కుడిచేత్తో పంపు విప్పి బిగించాను. చూసినవాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరు పోయారు, మూడో ఆయనకి మతిమరుపు.

అంతటివాణ్ని ఆ రోజు తీగలు కత్తిరించిన చోటా, మెట్ల కిందా, ఇంజను అడుగున మురికినీళ్లు నిలిచే గోతిలోనూ మోకాళ్ల మీద పాకుతూ బొత్తాం కోసం వెతికాను. పుస్తకం రాసే కుర్రాడు అప్పటికే లెక్క సరిపోయిందని సంతకం పెట్టి భోజనానికి పోయాడు. వాడి పుస్తకంలో స్పానర్లున్నాయి, అద్దాలున్నాయి, దీపాలున్నాయి. టేపు కింద ఎన్ని బొత్తాలున్నాయో ఎవరు రాస్తారు?

విజిల్ మోగింది. పందెం గెలిచాను.

ఎవరికీ తెలీదు. వేలాడుతున్న దారం తెంపేస్తే, సాయంత్రం కొత్త బొత్తాం కుట్టేసుకుంటే, ఎప్పటికీ ఎవరికీ తెలీదు. మర్నాడు పొద్దున్న ఆరింటికి ఓడ కదలాలి. నలభై రోజుల ప్రయాణం. ఆ సాయంత్రమే ఇంజనీర్ ఆఫీసరు నంబియార్ గారు నా చార్జ్ టికెట్ మీద సంతకం చెయ్యాలి. ఆ కాగితం ఉంటే ఇంజన్ రూమ్ నా ఒక్కడి చేతికి అప్పగిస్తారు. అది లేనివాడు ఎంత గొప్పవాడైనా ఇంకొకడి పక్కన నిలబడి గుడ్డ అందించాల్సిందే. పద్నాలుగు నెలలు దానికోసం ఎదురుచూశాను.

దారం పట్టుకున్నాను. తెంపలేదు. మా గురువుగారి దగ్గరికి వెళ్లాను.

మా గురువుగారు చింతాడ దాలయ్య గారు. కళింగపట్నం వైపు మనిషి. నేవీ లెక్కలో మాస్టర్ చీఫ్, ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. నాకు పని నేర్పింది ఆయనే. నేర్పారంటే పాఠం చెప్పారని కాదు. రేషన్‌షాపులో కిరసనాయిలు పోసినట్టు మాటలు కొలిచి పోసే మనిషి ఆయన. నేను తప్పు చేస్తే నా చేతిలోంచి ఆకురాయి తీసుకుని, తను నాలుగుసార్లు రుద్ది, మళ్లీ నా చేతిలో పెట్టేవారు. అంతే పాఠం.

మెస్సులో ఒక మూల పెరుగన్నం తింటున్నారు.

"చీఫ్‌గారూ."

"తిన్నావా?"

"లేదండి."

"ఏటి మరి?"

వేలాడుతున్న దారం పట్టుకుని నిలబడ్డాను. ఆయనే నా మొహం చూసి, తర్వాత నా ఓవరాల్ చూశారు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఎప్పుడు చూసుకున్నావు?"

"మూత వేశాక."

"వెయ్యకముందు ఉన్నాదా?"

"తెలీదండి."

"టేపు?"

"మధ్యలో ఊడిపోయింది. పైకొచ్చి వేసుకోలేదు."

"ఎందుకని?"

"విజిల్ మోగిపోతుందని."

మిగిలిన అన్నం మెతుకు వదలకుండా తిన్నారు. కంచం కడిగారు. చెయ్యి తుడుచుకుని, "రా" అన్నారు.

నంబియార్ గారి గదిలో ఇద్దరం నిలబడ్డాం. వాళ్లు మాట్లాడుకున్నది హిందీలో. నేను తెలుగులో చెబుతున్నాను.

"సార్, తాళాలు కావాలి. గేర్‌బాక్స్ మళ్లీ తియ్యాలి."

"రేపు ఆరింటికి మనం కదలాలి, దాలయ్యా."

"అవును సార్. ఒక బొత్తాం కనబడ్డం లేదు."

నంబియార్ గారు కలం కింద పెట్టారు. "ఎవరిది?"

"పరదేశిది. తనే వచ్చి చెప్పాడు."

ఆయన నావైపు చూడలేదు. బల్ల మీద సంతకానికి పెట్టిన కాగితాల్లో నాది పైనే ఉంది. నా పేరు తలకిందులుగా కనబడుతోంది. దాన్ని తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసి, తాళాలు దాలయ్య గారి చేతికిచ్చారు.

ఆ మధ్యాహ్నం ఇంజన్ రూమ్ వాళ్లెవరూ ఒడ్డుకి వెళ్లడానికి లేదని మైకులో చెప్పారు. నలభై రోజులు నీళ్ల మీదికి పోయేముందు ఆఖరి సెలవు అది. మాలో జోగారావని పలాస కుర్రాడు ఉండేవాడు. పెళ్లై నెలా పదిరోజులు. వాడి పెళ్లాం మొట్టమొదటిసారి ఒంటరిగా రైలెక్కి నాలుగింటికి విశాఖపట్నంలో దిగుతోంది. వాడు పొద్దుటినుంచీ మూడుసార్లు గడ్డం గీసుకున్నాడు.

"పరదేశీ," అన్నాడు వాడు చాలా మర్యాదగా, "ఆ మీసం తీసేసుంటే ఈపాటికి అందరం సుఖంగా ఉండేవాళ్లం."

లోపలికి నేనే దిగుదామనుకున్నాను. పారేసింది నేను, వెతకాల్సిందీ నేనే. తాళ్లు కట్టుకుని, కొత్త టేపు వేసుకుని, అందరికంటే ముందు తలుపు దగ్గర నిలబడ్డాను.

దాలయ్య గారు వచ్చి, తలుపు దగ్గరున్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. పెన్సిల్‌కి దారం కట్టి ఉందో లేదో లాగి చూశారు. స్టూలు చూపించారు.

"కూర్చో."

"నేను లోపలికి..."

"కూర్చో."

వెనకనుంచి జోగారావు అన్నాడు: "బాగుంది. దొంగకే తాళాలిచ్చారు."

ఎవరో నవ్వారు. దాలయ్య గారు వెనక్కి తిరగలేదు. వచ్చి సరిగ్గా నా ఎదురుగా నిలబడి, రెండు చేతులూ పక్కలకి ఎత్తారు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పిన మనిషి. నేను పుట్టేనాటికే ఇంజన్ల దగ్గర ఉన్న మనిషి. బొత్తాం పారేసుకున్నవాడి ముందు నిలబడి, నన్ను తడుము అంటున్నాడు.

వేళ్ల చివరలతో జేబులు ముట్టుకున్నాను.

"గట్టిగా తడుము," అన్నారు. "బెరుగ్గా తడిమితే ఏటి తెలుస్తాది?"

గట్టిగా తడిమాను. ఆయన ఉంగరం రాలేదు. ముప్పై ఏళ్లుగా వేలికి పట్టేసింది. సబ్బు తెప్పించి, రాసి, తిప్పి తిప్పి తీసి నా చేతిలో పెట్టారు. వేలు చుట్టూ తెల్లని గాడి. కళ్లజోడు ఒకటి, తాడుతో, అని రాసుకున్నాను. ఓవరాల్ బొత్తాలు లెక్కపెట్టి, ఆరు, అని అది కూడా రాశాను. అంతకుముందు ఆ పుస్తకంలో ఎవరూ బొత్తాలు రాయలేదు.

ఆయన లోపలికి దిగారు. వెనక జోగారావు వచ్చి చేతులెత్తాడు. ఇక నవ్వలేదు.

మూత తీశారు. నూనె తోడారు. తోడిన ప్రతి డబ్బానీ పల్చటి గుడ్డలో వడకట్టారు. ప్లాస్టిక్ బొత్తాం కనక అయస్కాంతానికి అంటుకోదు. దీపం పట్టుకుని, పొడుగు కాడ ఉన్న అద్దంతో మూలమూలా చూడాలి. నేను తలుపు దగ్గర కూర్చుని, వెళ్లిన గుడ్డ పీలిక రాసుకున్నాను, వచ్చిన గుడ్డ పీలిక కొట్టేశాను. మూడు గంటలకి పైగా. మామూలుగా నేను చెబితే పదమూడు అంటాను. ఇవి మూడే. కానీ స్టూలు మీద కూర్చున్నవాడికి అవి ఎలా గడుస్తాయో నాకు తెలుసు.

నాలుగు కావస్తుండగా లోపలనుంచి జోగారావు గొంతు వినబడింది. "దొరికింది."

పెద్ద చక్రం కింద, చిన్న గట్టు మీద, నూనెలో పడి ఉందట. గిన్నెలో వేసి బయటికి అందించారు. గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నంబియార్ గారు అప్పుడే వచ్చి తలుపు అవతల నిలబడ్డారు. ఆయన మొహంలో మధ్యాహ్నంనుంచీ లేని నవ్వు కనబడింది.

"మంచిది. మూసెయ్యండి."

జోగారావు అప్పుడే మణికట్టు తాళ్లు విప్పుకుంటున్నాడు. ఇంకో ముప్పావుగంటకి వాడు స్టేషన్లో ఉంటాడు.

నేను బొత్తాన్ని గుడ్డతో తుడిచి పుస్తకం మీద పెట్టాను. నాలుగు చిల్లులు. ఒక చిల్లులో నా దారం ముక్క. నాదే.

దాని గుండ్రం సరిగ్గా లేదు.

ఒక పక్క అంచు లేదు. ఎంతో కాదు. చిటికెన వేలి గోరు కత్తిరిస్తే రాలే ముక్క ఎంత ఉంటుందో అంత. వేలితో రాసి చూశాను. అంచు గీరుకుంది. కొత్తగా విరిగింది.

తలెత్తి చూశాను. ఎవరూ బొత్తాం వైపు చూడ్డం లేదు. దాలయ్య గారు గేర్‌బాక్స్ పక్కన నిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. తీరుబడిగా, ఒక అద్దం, తర్వాత రెండో అద్దం. ఆ గిన్నె బయటికి వచ్చింది ఆయన చేతి మీదుగానే. ఆయన చూశారో లేదో నాకు ఈనాటికీ తెలీదు.

మధ్యాహ్నం చెప్పడానికి ఒక్క మనిషి ముందు నిలబడితే సరిపోయింది. ఇప్పుడు అందరూ నవ్వుతున్నారు.

"సార్," అన్నాను. "ఇందులో ఒక ముక్క లేదు."

నంబియార్ గారు వంగి చూశారు. "ఇంత ముక్క. ఎప్పుడో విరిగి ఉంటుంది."

"పొద్దున్న ఇస్త్రీ చేసుకున్నాను సార్. ఆరూ నిండుగా ఉన్నాయి."

"ఓవరాల్‌కి ఇస్త్రీ ఏమిటి?"

"చేసుకుంటాను సార్."

ఆయన నన్ను చూశారు. తర్వాత నా తల మీదుగా లోపలికి చూసి, "దాలయ్యా?" అన్నారు.

గురువుగారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"తలుపు దగ్గర వాడున్నాడు సార్," అన్నారు.

గదిలో అందరూ నావైపు తిరిగారు. నేను పుస్తకం మూసేస్తే మూత పడుతుంది. పడిన మూతని ఇక నలభై రోజులు ఎవరూ తియ్యరు.

"మూయొద్దు సార్," అన్నాను.

జోగారావు విప్పిన తాళ్లు మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. కట్టుకుంటూ, నెమ్మదిగా, ఎవరికో కబురు చెబుతున్నట్టు అన్నాడు: "మా ఆవిడ ఈపాటికి రైలు దిగుంటుంది. ఆవిడ ఇప్పుడు నా గురించి ఏమనుకుంటోందో, అదంతా నేను నీ గురించి అనుకుంటున్నాను. తెలిసిందా?"

"తెలిసింది. బొత్తాం గట్టు మీద పడి విరగదు, జోగా. మూత వేసేముందు పళ్లు చూడ్డానికి చక్రాన్ని ఒక చుట్టు తిప్పాం కదా. అప్పుడు పళ్ల మధ్య నలిగుంటుంది. ముక్క పంటి మొదట్లో అంటుకుని ఉండాలి."

"ఎన్ని పళ్లు?"

"నాలుగువందల పన్నెండు."

వాడు నన్ను చూసి, చక్రాన్ని చూసి, అద్దం అందుకున్నాడు. "తిప్పండి," అన్నాడు లోపలివాళ్లతో. "ఒక్కో పన్నే."

చేతిచక్రంతో ఒక్కో పన్నూ తిప్పారు. జోగారావు అద్దం పెట్టి చూడ్డం, "లేదు" అనడం, నేను పుస్తకంలో గీత గియ్యడం. వంద దాటాయి. రెండువందలు దాటాయి. వాడి గొంతు బొంగురుపోయింది. దాలయ్య గారు పక్కన దీపం పట్టుకుని నిలబడ్డారు. ఒక్కసారి కూడా చెయ్యి మార్చుకోలేదు.

రెండువందల అరవై మూడో గీత దగ్గర వాడు "లేదు" అనలేదు.

ముక్కని తెచ్చి బొత్తాం పక్కన పెట్టాను. విదియ చంద్రుడి లాంటి ముక్క. అంచుకి అంచు అతికింది. గుండ్రం నిండింది.

గడియారం అయిదున్నర. జోగారావు నా ముందు చేతులెత్తాడు. తడిమాను. వాడు ఒంటికాలి మీద ఎగురుతున్నాడు గానీ, నేను చివరి జేబు చూసేదాకా కదల్లేదు. తర్వాత మెట్లెక్కి మాయమయ్యాడు. ఆ అమ్మాయి రైల్వేస్టేషన్లో రేకుపెట్టె మీద కూర్చుని రెండు గంటలకి పైగా ఎదురుచూసిందట, వాణ్ని చూడగానే ఏడ్చిందట. తర్వాత ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో నా పేరు బొత్తాం అన్నయ్య. వాళ్ల పిల్లలకి నేను బొత్తాం మావయ్యని. అసలు పేరు పరదేశి అంటే నమ్మరు.

దాలయ్య గారు మూత బిగించాక అందరికంటే ఆఖర్న వచ్చారు. చేతులెత్తారు. ఈసారి ఆయన అడక్కుండానే గట్టిగా తడిమాను. కళ్లజోడు ఒకటి, తాడుతో. బొత్తాలు ఆరు. ఉంగరం ఇచ్చాను. వేలికి పెట్టుకోకుండా జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఆరింటికి ఓడ కదిలింది. ఆ పొద్దున్న నేను ఇంజను చప్పుడు వింటూ నిలబడితే సముద్రంలో చేపలు దారి తప్పుకున్నాయని చెప్పేవాణ్ని, వేరే రోజైతే. ఆ రోజు నేను విన్నది గేర్‌బాక్స్ ఒక్కటే. మూతకి తగిలేంత దగ్గరగా చెవి పెట్టి విన్నాను. తేనెపట్టులా ఒకే స్వరంతో మోగుతోంది.

డాల్ఫిన్ నోస్ కొండ వెనక్కి వెళ్లి సన్నగిల్లాక, నంబియార్ గారు నన్నూ గురువుగారినీ రమ్మన్నారు. వెళ్లేసరికి సొరుగు తెరిచి ఉంది. నా కాగితం ఆయన చేతిలో ఉంది. దాన్ని చింపుతారనుకున్నాను. పద్నాలుగు నెలలూ చెయ్యి జారిపోయాయనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే రాత్రే ఆశ వదిలేసుకున్నాను.

ఆయన నన్ను వదిలేసి గురువుగారితోనే మాట్లాడారు.

"గేర్‌బాక్స్‌లో బొత్తాం పారేసినవాడు. ఇతనికి ఇంజన్ రూమ్ అప్పగించమంటావా, దాలయ్యా?"

"వీడి బొత్తాం ఒకసారి పోయింది సార్," అన్నారు గురువుగారు. "మిగతావాళ్లవి ఇంకా పోలేదు."